పన్నెండో కట్టడం

సన్మానానికి పిలిచినవాళ్ళు తలుపులు బార్లా తెరిచి పెడతారు గాని, అతిథి లోపలికి రాగానే వెనకనుంచి గడియలు బిగించరు. గగనమండపం పన్నెండు వాకిళ్ళకూ వరసగా ఇనుపగడియలు పడుతున్న చప్పుడు విన్నాక గాని స్థపతి విరూపన్నకు ఈ సంగతి తట్టలేదు. తట్టే వేళకు ఆయన మండపం నడుమ, నిలువెత్తు సన్మానవేదిక మీద, గడ్డం దాకా పూలదండలతో, ఐదువేల మందికి చేతులు జోడించి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆ నవ్వును ఎక్కడ ఆపాలో తెలియక అలాగే నవ్వుతూ ఉండిపోయాడు.

గాలికి దీపాలు ఆరిపోతాయని తలుపులు వేయించామని సింహాసనం మీదనుంచి విజృంభసేన మహారాజు సెలవిచ్చాడు. అది పట్టపగలు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. మండపంలో ఎక్కడా ఒక్క దీపమూ వెలగడం లేదు.

ఆ మండపాన్ని గురించి రెండు మాటలు చెప్పుకోకుండా ముందుకు పోతే పాపం తగులుతుంది. వైజయంతపురానికి వచ్చే బాటసారులు మూడామడల దూరంలో ఉండగానే దాని కప్పు మెరుపు చూసి నడక జోరు పెంచేవారు. లోపల ఒక్క స్తంభమూ లేదు. గుండ్రటి గోడల మీద బోర్లించిన వెండిగిన్నెలాగా ఒకటే కప్పు, కప్పు నడుమ తెరిచి ఉన్న ఒక కన్ను, ఆ కంట్లోంచి జారిన ఎండ నేలమీద చెక్కిన ఎనిమిది రేకుల తామర మీద వచ్చి పడేది. గోడల నిండా పచ్చరాళ్ళ చిలుకలు, వాటికి పగడపు ముక్కులు, ముక్కుల్లో ముత్యాల దానిమ్మగింజలు. ఈ మూల గుసగుసలాడితే ఆ మూల నిలబడ్డవాడికి స్పష్టంగా వినబడేది. అందుకనే మంత్రులూ దండనాయకులూ అందులో చాడీలు చెప్పుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇది కట్టాడనే విరూపన్నను పొరుగు రాజ్యాలవాళ్ళు సైతం అభినవ విశ్వకర్మ అని పిలిచేవారు.

అందరికీ తెలిసిన కథ అది. తెలియని కథ ఆ తామర కింద ఉంది.

విజృంభసేనుడు ఆ సింహాసనానికి హక్కుదారు కాడు. హక్కుదారు అతని అన్నకొడుకు హంసకేతుడు. ఏడేళ్ళ కిందట యువరాజు వేటకు పోయి పులివాత పడ్డాడని చాటింపు వేయించి, విజృంభసేనుడు కన్నీళ్ళు తుడుచుకుంటూ కిరీటం పెట్టుకున్నాడు. నిజానికి యువరాజు చావలేదు. అతణ్ణి చంపినవాడు ఆ పొద్దు గూకేలోగా తానూ చస్తాడని జాతకంలో ఉంది గనుక బాబాయికి చంపే ధైర్యం లేకపోయింది. మండపం కింద పాతాళచెరలో పడేసి, పిడికెడంత కంతలోంచి రోజూ ఇంత కూడు జారవిడిచేవారు.

ఆ చెర కట్టినది విరూపన్నే. ఖజానా అని చెప్పారు. కూలివాడి కన్ను కూడా పడకూడదన్నారు. తొమ్మిది నెలలు ఆయన ఒక్కడే రాళ్ళు మోసి, ఒక్కడే సున్నం నూరి, ఒక్కడే కట్టాడు. పని ముగిసిన రోజున నోట్లో గుడ్డలు కుక్కిన యువరాజును అందులోకి దింపడం కళ్ళారా చూశాడు. ఆ క్షణాన అరవవలసినవాడు అరవలేదు. భయపడ్డాడు. నోరు మూసుకున్నందుకు ఏటా ఒక బిరుదు వచ్చింది. తామర రేకులను ఏ వరసలో నొక్కితే చెర తెరుచుకుంటుందో ఆయనకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఆయనకు అరవైనాలుగేళ్ళు, దగ్గితే నెత్తురు పడుతోంది. తాను పోతే ఆ పిల్లవాడు ఆ చీకట్లోనే ముసలివాడైపోతాడన్న దిగులుతో నిద్ర పట్టేది కాదు. సన్మానం రోజున మండపంలోకి సామాన్యులనూ రానిస్తారు గనుక, ఐదువేల మంది చూస్తుండగా తామర తెరవాలని తీర్మానించుకుని వచ్చాడు. అది ఎవరికీ చెప్పలేదు. కాని రాజుగారి కొలువులో అంజనం వేసి మనుషుల మనసులు చూసేవాడొకడు ఉన్నాడని ఆయన మరచిపోయాడు.

శంఖాలు మోగాయి. జరీ తలపాగా పెట్టుకున్న వందిమాగధుడు ఒకడు తాటాకుల కట్ట విప్పుకుని వేదిక ఎక్కాడు.

శిల్పుల సన్మానానికి ఒక పద్ధతి ఉంది. వంది ఒక్కొక్క కట్టడం పేరు చదివి, ఇది ఎవరిదని సభలో అడుగుతాడు. కట్టినవాడు లేచి నాదని బదులు పలకాలి. పలికితే శాలువ కప్పుతారు. వినడానికి వేడుకగా ఉంటుంది గాని శిల్పులకు అది చాలా పెద్ద మాట. తొలిసారి ఉలి పట్టిన నాడే వాళ్ళు ప్రమాణం చేస్తారు: కట్టినదాన్ని కాదననని, కట్టనిదాన్ని నాదననని, అడిగినప్పుడు మౌనం పట్టనని. ఆ మాట తప్పితే అడిగిన కట్టడం ఆ క్షణాన్నే బీటలు వారుతుంది.

"చెలమవాగు ఆనకట్ట. ఇది ఎవరిది?" అన్నాడు వంది.

నాదేనన్నాడు విరూపన్న. జనం ఈలలు వేశారు. నలభై ఊళ్ళ పొలాలు తడిపే ఆనకట్ట అది. పట్టుశాలువ భుజాల మీద పడింది. అరికాళ్ళు చల్లబడినట్టు అనిపించి, పొద్దుటినుంచి చెప్పులు లేకుండా నిలబడడం వల్ల కాబోలు అనుకున్నాడు. రెండోది కనుమదారి సత్రం. అదీ ఆయనదే. ఈసారి చలి చీలమండలు దాటింది. మూడోది సముద్రపు ఒడ్డున ఓడలకు దారి చూపే దీపస్తంభం. నాదని చెప్పి, శాలువ అందుకోవడానికి అడుగు ముందుకు వేయబోతే కాలు లేవలేదు. పంచె అంచు పైకి తీసి చూసుకున్నాడు. మోకాళ్ళ కిందుగా తన రెండు కాళ్ళూ నల్లరాయి. వేళ్ళూ గోళ్ళూ నరాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి గాని అన్నీ రాతివి.

అప్పుడు వంది వైపు పరికించి చూశాడు. కప్పు కంట్లోంచి పడుతున్న ఎండలో వేదిక మీదున్న ప్రతి మనిషికీ నీడ ఉంది. వందికి లేదు. జరీ తలపాగా కింద ఉన్న ఆ పిల్లికళ్ళు విజృంభసేనుడు పెంచి పోషిస్తున్న మాంత్రికుడు కంకాళుడివి.

మళ్ళీ శంఖాలు మోగుతుంటే కంకాళుడు శాలువ సర్దుతున్నట్టు వంగి, ఆయన చెవిలో చల్లగా చెప్పాడు. "ఈ మండపానికి ఒక్క స్తంభమూ లేదని ప్రభువులకు లోటుగా ఉంది. నీవి పన్నెండు కట్టడాలు. పన్నెండోసారి నాదన్నావంటే ఆ లోటు తీరిపోతుంది. తామర తెరిచే దారి కూడా నీతోపాటు రాయైపోతుంది."

నాలుగోది మండపం పక్కనే ఉన్న నగారా బురుజు. కంకాళుడు ఇది ఎవరిదని అడిగితే విరూపన్న పెదవులు బిగబట్టాడు. పలకకపోతే ఏమవుతుందో చూద్దామన్న మొండి ధైర్యం. అయిందేమిటంటే, గోడ అవతల ఫెళ్ళుమని చప్పుడు, ఆ వెంటనే బురుజులో కాపురాలుంటున్న నగారావాళ్ళ ఆడవాళ్ళ కేకలు వినబడ్డాయి. నాదని గొంతు చించుకుని అరిచాడు. చప్పుడు ఆగింది. రాయి తొడల దాకా పాకింది. జనం మాత్రం, పెద్దాయన ఉత్సాహం కొద్దీ అరిచాడనుకుని రెట్టింపుగా చప్పట్లు కొట్టారు.

తాను బతికేది ఎలాగన్నది అప్పుడు ఆయన ఆలోచన కాదు. తానిక్కడ స్తంభమైపోతే కింద ఉన్న పిల్లవాడి సంగతేమిటన్నదే ఆయన దిగులు. కేకవేసి జనానికి చెబుదామంటే, వేదిక చుట్టూ ఉన్న భటుల బల్లేలు ఆయన గొంతుకే గురిపెట్టి ఉన్నాయి. చెప్పేది సగంలో ఉండగానే తెగిపోతే దారి ఎవరికీ దొరకదు. ఐదు, ఆరు, ఏడు గడిచాయి. ఆనకట్టలు, వంతెనలు, ఒక కొండకోట. ఒక్కొక్క పేరూ చదువుతుంటే తన బతుకంతా కళ్ళముందు తిరిగింది. ఒక్కొక్క పేరుకూ శరీరం కొంత తనది కాకుండా పోయింది. పదో శాలువ కప్పేసరికి రాయి రొమ్ము దాకా వచ్చింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. చూసేవాళ్ళకు శాలువల గుట్ట మీద ఒక తల నవ్వుతున్నట్టుంది. ఆ తల నవ్వడం లేదు.

"పదకొండవది," అని కంకాళుడు తల పైకెత్తి కప్పు వైపు చూశాడు. "ఈ గగనమండపం. ఇది ఎవరిది?"

జనమంతా ఒక్క గొంతుతో విరూపన్న పేరు పలికారు. ఆయన పలకలేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఆ కప్పు రెండుసార్లు కూలింది. కింద కొయ్యదూలాలు నిలబెట్టి కట్టడం, దూలాలు తీయగానే అంతా నేలమట్టం కావడం. మూడోసారి కట్టలేక విరూపన్న రాళ్ళగుట్ట మీద తల పట్టుకుని కూర్చుంటే, సున్నం నూరే వాళ్ళ పెద్ద ముత్తెమ్మ వచ్చి, మా ఇంట్లో మట్టిగాదె చుట్టేటప్పుడు లోపల దూలాలు పెడతామా అని అడిగింది. చుట్టు మీద చుట్టు పెట్టుకుంటూ పోవాలి, కింది చుట్టు ఆరితేనే పై చుట్టు వెయ్యాలి, పూటలో బిగుసుకునే సున్నం నేను నూరిస్తానంది. బెల్లమూ కరక్కాయా ఏ పాళ్ళలో కలిపిందో గాని, అన్నంత పనీ చేసింది. కప్పు నిలబడింది. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ విరూపన్ననే మెచ్చుకున్నారు. ఆయన ఒక్కరికీ ఆమె పేరు చెప్పలేదు. మొదట మొహమాటం, తర్వాత అలవాటు.

ఇప్పుడు నాదంటే అబద్ధం. ఆ అబద్ధానికి ఐదువేల మంది నెత్తిన ఈ కప్పు కూలుతుంది. నాది కాదంటే, మరి ఎవరిదని అడుగుతాడు. ముత్తెమ్మదని చెబితే మంత్రం పోయి ఆమెను పట్టుకుంటుంది. ఆమె ఎక్కడో లేదు, సన్మానానికి తమ తమ పనిముట్లతో వచ్చిన పనివాళ్ళ గుంపులో, ముందు వరసలోనే, సున్నపు తట్ట చంకన పెట్టుకుని చూస్తోంది. సిగ్గుతో ఆమెతో చూపు కలపలేకపోయాడు.

"నా ఒక్కడిది కాదు," అన్నాడు చివరికి.

మరి ఎవరిదని కంకాళుడు అడిగాడు. విరూపన్న మాట్లాడలేదు. కప్పులో చిన్న గీత పడింది. దాంట్లోంచి తెల్లటి పొడి రాలి రాజుగారి కిరీటం మీదే పడింది. గీత బారెడు సాగింది. ఆడవాళ్ళు పిల్లలను కడుపులో దాచుకున్నారు. ఎవరిదని కంకాళుడు రెండోసారి అడిగాడు.

"నాదయ్యా," అంది ముత్తెమ్మ తట్ట కిందికి దించి. "ఉపాయం నాది, సున్నం నాది. ఇరవై ఏళ్ళబట్టి ఈ పెద్దమనిషి ఎప్పుడు చెబుతాడా అని చూస్తన్నా. ఈరోజుకి సగం చెప్పాడు, సంతోషం."

గీత సాగడం ఆగింది. కాని మరుక్షణం ముత్తెమ్మ కాలి వేళ్ళు నల్లబడ్డాయి. ఆమె కిందికి చూసి, ఇదేం ఖర్మరా అనుకుంటూ కాలు విదిలించబోయింది. ఏది జరగకూడదని విరూపన్న నోరు కట్టుకున్నాడో అదే జరిగింది.

అక్కడే, ఏ మాంత్రికుడూ ఏ అంజనంలోనూ చూడని వింత జరిగింది. ముత్తెమ్మ పక్కన తట్టలు మోసే గురవడు నిలబడి ఉన్నాడు. బట్టతల, పొట్టి మనిషి, వైజయంతపురంలో పనివాళ్ళందరికీ ఉన్న జబ్బే అతనికీ ఉంది. పని దగ్గర పొగడ్త ఎవడికి దక్కినా, తన వాటా తనకు రాలేదని తెల్లారేదాకా కొట్లాడగలడు.

"నీదొక్కదానిదేనా?" అన్నాడు గురవడు నడుం మీద చేతులు పెట్టుకుని. "మూడేళ్ళు నీ సున్నం తట్టలు పైకి మోసింది ఎవరంట? ఈ నెత్తి మీద జుట్టంతా ఆ పరంజా మీదనే రాలిపోయింది. నాది కాదా ఇది?"

ముత్తెమ్మ కాలి వేళ్ళలో సగం మళ్ళీ మామూలు రంగుకు వచ్చాయి. గురవడి బొటనవేలు నల్లబడింది. పరంజా కట్టినవాళ్ళు ఊరుకుంటారా? మేము కట్టకపోతే నువ్వు ఏ నిచ్చెన ఎక్కేవాడివిరా, ఇది మాది అన్నారు. నీళ్ళు తోడినవాళ్ళు, గానుగ తిప్పినవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు, వాళ్ళకు గంజి కాచి పోసిన ముసలమ్మలు అందరూ మాదంటే మాదని లేచారు. మాట అన్నవాడికల్లా మంత్రంలో వాటా పోతోంది. వాటా పోయేకొద్దీ అది పలచబడుతోంది. చివరికి ఒక్కొక్కరి కాలి మీదా చిటికెడు రాతిపొడి మిగిలింది. దాన్ని దులిపేసుకుని మళ్ళీ కొట్లాటలో పడ్డారు.

కిటుకు విరూపన్నకు తెలిసింది. కంకాళుడికీ తెలిసి ఆపండని చేతులూపాడు గాని, ఆ గోలలో అతని మాట వినే నాథుడు లేడు.

"ఆనకట్ట ఎవరిది?" అని విరూపన్నే గొంతెత్తి అడిగాడు. "వంతెనలు ఎవరివి? చెప్పండర్రా, నేనొక్కణ్ణే కట్టానా?"

కాదంటే కాదని మండపం దద్దరిల్లింది. మట్టి తవ్వినవాళ్ళు ఆనకట్ట మాదన్నారు. పడవలవాళ్ళు దీపస్తంభానికి రాళ్ళు చేరవేసింది తామేనన్నారు. ఒక్కొక్క కేకకూ ఆయన ఒంటిమీదనుంచి రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలింది. రొమ్ము కదిలింది. నడుం వంగింది. మోకాళ్ళు మడిచి చూసుకుని ఆ ముసలివాడు పసిపిల్లవాడిలా నవ్వాడు. జీవితంలో తనకు ఇంత బరువు దించిన పొగడ్త మరొకటి లేదనిపించింది.

కంకాళుడు తాటాకులు విసిరికొట్టి, చివరి పేరు చదవకుండానే అడిగాడు.

"పన్నెండవది. ఈ తామర కింద ఉన్న గది. అది ఎవరిది?"

గోల ఒక్కసారిగా చల్లారింది. తామర కింద గది ఉందన్న సంగతే ఎవరూ ఎరగరు. పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాదని చెప్పడానికి ఈసారి ఎవరూ లేరు. విరూపన్న నవ్వు ఆరిపోయింది. పలకకపోతే ఆ గది కూలి, లోపలున్న పిల్లవాడు రాళ్ళకింద నలిగిపోతాడు.

"నాది," అన్నాడు. "నా ఒక్కడిదే. ఒక్క తట్ట కూడా ఎవరూ మోయలేదు. అందులో మన యువరాజు హంసకేతుడు ఏడేళ్ళుగా బతికే ఉన్నాడు."

రాయి చప్పున ఆయన పాదాలను పట్టేసింది. చీలమండల దాకా వచ్చి, పన్నెండో వంతు పూర్తయి, అక్కడ ఆగింది. దాన్ని పంచుకునేవాళ్ళు లేరు గనుక అది ఇక పోదు. కాని మాట బయటికి వచ్చేసింది. ఆ మండపంలో గుసగుసే దాగదు, ఇక ఇది దాగుతుందా? ఐదువేల తలలు సింహాసనం వైపు తిరిగాయి. విజృంభసేనుడి మొహం కత్తివాటుకు నెత్తురుచుక్క లేనట్టయింది. ముసలివాణ్ణి పొడిచెయ్యమని భటులను ఉసికొల్పాడు.

బల్లేలు లేచాయి. అవి దిగేలోగా ముత్తెమ్మ తట్టెడు సున్నమూ ఎత్తి వాళ్ళ మొహాన కొట్టింది. ఆమె వెనక ఇరవై తట్టలు గాలిలోకి లేచాయి. మండపమంతా తెల్లటి పొగ కమ్ముకుంది. కళ్ళు మండి భటులు గుడ్డివాళ్ళలా ఒకరినొకరు పొడుచుకున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళు సమ్మెటలతో, పరంజావాళ్ళు వెదురుబొంగులతో, గంజి కాచే ముసలమ్మలు ఏది దొరికితే దానితో పైబడ్డారు. కంకాళుడు ఏదో మంత్రం ఎత్తుకోబోయి నోటినిండా సున్నం మింగి, దగ్గుతూ గోడ చిలుకల మధ్యకు గబ్బిలంలా ఎగిరిపోయాడు. వాకిళ్ళ అవతల రాజుగారి ఏనుగుల దళం గడియలు తీయడం మొదలుపెట్టింది.

రాతిపాదాలతో విరూపన్న అడుగు వేయలేకపోయాడు. గురవడు వచ్చి, కొత్త తట్టను లేపినట్టు ఆయనను భుజానికెత్తుకుని వేదిక దిగి, పక్కనే ఉన్న తామర మీద దించాడు. ఆయన బోర్లా పడుకుని అరచేతులతో రేకులు నొక్కసాగాడు. మూడోది, ఏడోది, మొదటిది. ఏడేళ్ళుగా ఎవరూ ముట్టని రాతికీళ్ళు లోపల మూలిగాయి. ఒక్క మనిషి బరువుకే దిగే పలక అది. దించేసి, తనంతట తాను పైకి లేచి మూసుకుంటుంది.

"పెద్దయ్యా," అంది ముత్తెమ్మ, సున్నం కొట్టుకున్న మొహంతో పక్కన మోకరిల్లి. "లోపలికి పోతే మళ్ళా పైకి ఎట్టొస్తావు?"

"పైకి రాను. అది లోపలినుంచి తెరుచుకోదు. నేనే అట్లా కట్టాను."

"మరి?"

"సున్నం పెట్టని రాయి ఉందిగా."

ఆమెకు అర్థమైంది. ఎంత గొప్ప కట్టడమైనా దిష్టి తగలకుండా ఒక్క రాయికి సున్నం పెట్టకుండా, ఊరికే బిగించి వదిలెయ్యడం వైజయంతపురం తాపీవాళ్ళ ఆచారం. అది ఎక్కడుందో కట్టినవాడు తప్ప మరొకడు చెప్పలేడు. ఎటేపు పెట్టావని ముత్తెమ్మ అడిగింది. తూర్పుగోడకు, అగడ్త వైపు అన్నాడు విరూపన్న. మండపం అడుగు దాకా చొచ్చుకువచ్చిన, నిలువెత్తు నీళ్ళూ, నీళ్ళనిండా మొసళ్ళూ ఉన్న అగడ్త అది. ముత్తెమ్మ ఆయన రాతిపాదాల వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూసింది.

"తూర్పు ఒడ్డున పడవతో ఉంటాం. గురవడు మొసళ్ళ సంగతి చూస్తాడు," అని మాత్రం చెప్పి లేచింది.

నేను ఎప్పుడు ఒప్పుకున్నానని గురవడు గొణుగుతూనే ఉన్నాడు. విరూపన్న ఎనిమిదో రేకు నొక్కాడు.

పలక కిందికి జారింది. పైన వెలుగు పళ్ళెమంత అయింది, కాసంత అయింది, పోయింది. తామర మూసుకున్న చప్పుడుతో మండపంలోని పోరంతా ఎక్కడో పరాయి ఊళ్ళో జరుగుతున్నట్టు సన్నగిల్లింది. చీకటి. చెమ్మవాసన. గాలి ఆడని చోట ఉండే ఉక్క. తాను గీసిన కొలతలు ఆయనకు కంఠతా వచ్చు: పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. గీసేటప్పుడు ఖజానాకు సరిపోతుందనుకున్నాడు. మనిషికి ఎంత ఇరుకో ఇప్పుడు తెలిసింది. తన గుండె చప్పుడు నాలుగు గోడలకూ తగిలి తనకే వినబడుతోంది.

మూలనుంచి గొలుసు కదిలింది.

"ఎవరది?" మాట్లాడి చాలాకాలమైన గొంతు అది.

ఏ బిరుదు చెప్పుకోవాలో ఆయనకు తోచలేదు.

"దీన్ని కట్టినవాణ్ణి బాబూ."

గొలుసు దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి చీకట్లో తడుముకుంటూ ఆయన గడ్డాన్ని, గొంతును పట్టుకుంది. విరూపన్న విడిపించుకోలేదు. పిసికేస్తే పిసికెయ్యనీ, హక్కుంది అనుకున్నాడు. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా వదులైంది.

"ఏడేళ్ళబట్టి ఈ గోడలు వేళ్ళతో వెతుకుతున్నాను," అన్నాడు హంసకేతుడు. "వెంట్రుక దూరే సందు కూడా ఎక్కడా దొరకలేదు. ఎంత బాగా కట్టావయ్యా."

ఆ మాటలో వెటకారం లేదు. పొద్దుటినుంచి పది శాలువలు కప్పించుకున్న విరూపన్న ఆ ఒక్క మెచ్చుకోలుకు తట్టుకోలేక భోరుమని ఏడ్చాడు. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. పైన సమ్మెటలు తామర మీద పడుతున్నాయి. వాకిళ్ళు తెరుచుకున్నట్టున్నాయి. ఆ సమ్మెటలు విజృంభసేనుడి మనుషులవే అయి ఉండాలి. రాయి పగలదు గాని, కూడు జారవిడిచే కంతలోంచి బల్లేలూ బాణాలూ దూరతాయి.

నడుములో దోపుకున్న ఉలి తీసి, కూర్చునే జరుగుతూ ఖజానా పెట్టెలకని చెబితే తాను గొలుసు మేకు ఎక్కడ దిగగొట్టాడో తడిమి పట్టుకుని, నాలుగు దెబ్బల్లో పెకలించాడు. తర్వాత పాదాలు నేలమీద ఈడ్చుకుంటూ తూర్పుగోడ చేరి, కిందినుంచి నాలుగో వరస, ఎడమనుంచి ఐదో రాయి లెక్కపెట్టాడు. యువరాజు చెయ్యి తీసుకుని దాని మీద పెట్టాడు. దీనికి సున్నం పెట్టలేదు, లాగితే వస్తుంది, వచ్చాక దీని వెనకనుంచి నీళ్ళు వస్తాయి, గది నిండేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి రాయి ఊడిన కంతలోంచి దూరిపోవాలి, తూర్పు ఒడ్డున పడవ ఉంటుంది అని గబగబా చెప్పాడు.

"ఈత వచ్చునా బాబూ?" అని అడిగాడు.

"వచ్చు. మరి నీకు?"

విరూపన్న రాతిపాదాలను చీకట్లోనే పంచె కిందికి లాక్కున్నాడు. ఉలిని రాతిసందులో దూర్చి, రెండు చేతులా పట్టు చిక్కించుకున్నాడు.

"లాగండి బాబూ," అన్నాడు.